టీకా సేఫ్ అంటున్నారు, ఇక మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుంటూరు పక్కన ఒక ఊరు. వయసు 39. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను. నాకు హెచ్ఐవీ ఉందని 2016లో తెలిసింది. అప్పటికే బాగా చిక్కిపోయాను, సీడీ4 కౌంటు, అంటే ఒంట్లోని రక్షణ కణాల లెక్క, 140. అప్పట్నుంచి వైరస్‌ని అణిచి ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను. ఇప్పుడు రోజుకి ఒకటే మాత్ర. కిందటేడు రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ టెస్టులో టీఎన్‌డీ, అంటే వైరస్ కనబడలేదని వచ్చింది. నా భార్యకి లేదు, పాపకి లేదు. ఈ సంగతి మా ఆవిడకి, మా బావమరిదికి తప్ప ఎవరికీ తెలియదు.

నెల కిందట మా బావమరిది వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు (లింక్ కింద పెట్టాను). హెచ్ఐవీకి టీకా కనిపెట్టారని, మనుషుల మీద పరీక్షిస్తే సేఫ్ అని తేలిందని, ఒక్కరికి కూడా సైడ్ ఎఫెక్ట్ రాలేదని అందులో ఉంది. తర్వాత వాడికి తెలిసిన ఒకాయన ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఇలాంటి టీకా టెస్టుకి పాజిటివ్ వాళ్లని తీసుకుంటున్నారట, వెళ్తే 40 వేలు ఇస్తారట. ఆధార్, ఏఆర్‌టీ పుస్తకం జిరాక్సు పంపమన్నాడు. టీకా ఒంటికి పట్టాలంటే ముందు మందులు ఆపాలన్నాడు. తొమ్మిది రోజులుగా మాత్ర వేసుకోవడం లేదు. ఒంట్లో బాగానే ఉంది. డబ్బు కోసం కాదు మేడమ్. రోజూ రాత్రి ఆ మాత్ర మింగేటప్పుడే నేను రోగినని గుర్తొస్తుంది. వెళ్లమంటారా? మీ తమ్ముడనుకుని చెప్పండి.
— పేరు వద్దు, గుంటూరు జిల్లా

సమాధానం: తమ్ముడనుకుని చెప్పమన్నారు కాబట్టి అక్కలాగే, కాస్త గట్టిగానే మొదలుపెడతాను. మీ ఉత్తరం చూసిన రోజే మీరిచ్చిన నంబరుకి మెసేజ్ పెట్టాను. ఈ రాత్రి నుంచే మాత్ర మళ్లీ వేసుకోండి, రేపు పొద్దున్నే మీ ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లి తొమ్మిది రోజులు ఆపానని ఉన్నదున్నట్టు చెప్పండి అన్నాను. "సరే మేడమ్" అన్నారు. వెళ్లారో లేదో మాత్రం రాయలేదు. వెళ్లకపోతే ఇది పక్కన పెట్టి ముందు ఆ పని చూసుకు రండి, మిగతాది వచ్చాక చదవొచ్చు. అక్కడి కౌన్సెలర్ రెండు మాటలంటే పడండి. పదమూడేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని, మేం తిట్టేది కోపంతో కాదు, భయంతో.

ఒంట్లో బాగానే ఉందన్నారు. ఉంటుంది. మందు ఆపిన మొదటి రోజుల్లో ఎవరికైనా బాగానే ఉంటుంది, కొందరికి ఇంకా తేలిగ్గా కూడా అనిపిస్తుంది. వైరస్ మాత్రం మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో రక్తంలో మళ్లీ కనబడే స్థాయికి వచ్చేస్తుంది. దానికి జ్వరం రావాలని లేదు, దగ్గు రావాలని లేదు. చడీచప్పుడు లేకుండా వస్తుంది. ఇన్నేళ్లూ మీ మాత్ర మీకే కాదు, మీ ఆవిడకి కూడా కాపలా కాసింది. వైరల్ లోడ్ టీఎన్‌డీలో ఉన్నంతకాలం లైంగికంగా అవతలి మనిషికి అంటదు. ఇప్పుడు ఆ కాపలాలో సందు పడింది. మళ్లీ టెస్టు చేసి టీఎన్‌డీ అని కాగితం చేతికొచ్చేదాకా కండోమ్ తప్పదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. మీరు మింగే ఆ ఒక్క మాత్రలో మూడు మందులున్నాయి: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. మొదటి రెండూ హెపటైటిస్ బి వైరస్‌ని కూడా అణిచి ఉంచుతాయి. ఆ కామెర్ల వైరస్ కూడా ఉన్న మనిషి ఈ మాత్ర ఉన్నట్టుండి ఆపితే లివర్ మీద పడుతుంది. మీకు ఆ టెస్టు చేశారో లేదో సెంటర్లో అడగండి.

మందులు కొన్నాళ్లు ఆపి, కౌంటు పడ్డాక మళ్లీ మొదలెడితే ఏం పోతుందని ఒకప్పుడు డాక్టర్లకే అనిపించింది. స్మార్ట్ అనే అధ్యయనంలో 33 దేశాల నుంచి 5,472 మందిని తీసుకుని, సగంమందికి ఆపకుండా మందులిచ్చారు, సగంమందికి కౌంటు చూసుకుంటూ ఆపి ఆపి ఇచ్చారు. ఆపినవాళ్లలో జబ్బులు, చావులు కలిపి రెండున్నర రెట్లు ఎక్కువగా తేలాయి. 2006లో ఆ ఆలోచనకి తెరదించేశారు. డాక్టర్ల కళ్లముందు, కౌంటు చూస్తూ ఆపితేనే అలా అయింది. మీరు ఫోన్లో ఎవరో చెప్పిన మాట మీద ఆపారు.

ఇక ఆ వీడియో. చూశాను. అందులో ఉన్నది పచ్చి అబద్ధమైతే నా పని తేలికయ్యేది. అది 2013 నాటి నిజమైన వార్త. కెనడాలోని వెస్టర్న్ యూనివర్సిటీలో చిల్-యాంగ్ కాంగ్ అనే శాస్త్రవేత్త బృందం ఒక టీకా తయారుచేసింది. పేరు ఎస్ఏవీ001. హెచ్ఐవీని రసాయనంతోనూ, ఆపైన గామా కిరణాలతోనూ పూర్తిగా చంపి దాన్నే టీకాగా చేశారు. మన పిల్లలకి వేసే పోలియో ఇంజెక్షన్‌లో ఉండేదీ చంపిన వైరసే. 2012-13లో అమెరికాలో తొలి దశ పరీక్ష జరిగింది. ప్రమాదకరమైన సైడ్ ఎఫెక్టులేవీ కనబడలేదు, వైరస్ మీద యాంటీబాడీలు పెరిగాయి. ఇదంతా నిజమే.

మరి వీడియోవాడు ఏం మింగేశాడు? ఆ పరీక్షలో పాల్గొన్నది మొత్తం 33 మంది. అందులోనూ కొంతమందికి ఇచ్చింది మందు లేని ఉత్త సూది. అందరూ మీలాగే పాజిటివ్, అందరూ మాత్రలు వాడుతున్నవాళ్లే. అన్నిటికన్నా ముఖ్యం, ఆ టీకా వాళ్ల జబ్బు తగ్గించడానికి చేసింది కాదు. హెచ్ఐవీ లేనివాళ్లకి రాకుండా చేయాలనేది దాని గురి. మరి పాజిటివ్ వాళ్ల మీద ఎందుకు చూశారంటే, చంపిన వైరస్‌ని ఆరోగ్యవంతుడి ఒంట్లోకి ఎక్కించే ముందు, ఇప్పటికే ఆ వైరస్ ఉన్నవాళ్లలో ప్రమాదం లేదని రూఢి చేసుకోవాలి కాబట్టి. పాజిటివ్ వాళ్ల మీద పరీక్షించారన్న మాట విని పాజిటివ్ వాళ్లకి మందు దొరికిందనుకోవడం మీ ఒక్కరి పొరపాటు కాదు, అప్పట్లో మా సెంటర్‌కి కూడా పేపర్ కటింగ్ పట్టుకుని వచ్చారు. పదేళ్లు దాటిపోయింది, ఆ టీకా ఏ ఆసుపత్రి ఫ్రిజ్‌లోకీ రాలేదు.

మీరు ఆశపడేది వేరే రకం, చికిత్స టీకా. జబ్బు ఉన్నవాళ్లకే ఇచ్చేది. అది ఎందుకు కావలసి వచ్చిందంటే, మన మాత్ర వైరస్‌ని పెరగనివ్వదు గానీ మొత్తంగా ఊడ్చేయలేదు. కొన్ని సీడీ4 కణాల్లో వైరస్ కదలకుండా, మెదలకుండా పడుకుని ఉంటుంది. అవి వాటంతటవి తరిగిపోవాలంటే మాత్ర ఆపకుండా 70 ఏళ్లకి పైగా పడుతుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంటే జీవితకాలం. ఒంట్లోని రక్షణ కణాలకి తర్ఫీదిచ్చి, వైరస్ లేచినప్పుడల్లా మాత్ర అవసరం లేకుండా అవే దాన్ని అణిచేసేలా చేయగలమా అన్నదే చికిత్స టీకా వెనకున్న ఆలోచన. మంచి ఆలోచన. ముప్పై ఏళ్ల పైబడి దాని మీద పనిచేస్తున్నారు. ఇంతవరకూ ఏ దేశంలోనూ ఒక్కటి కూడా వాడకానికి రాలేదు.

ఇప్పుడు మిమ్మల్ని మాత్ర ఆపేలా చేసిన "సేఫ్" అన్న మాట దగ్గరికొద్దాం. మీ యార్డు లెక్కలోనే చెప్తాను. టిక్కీ కోసి ముప్పై కాయలు తీశారు. అన్నీ ఎర్రగా నిగనిగలాడుతున్నాయి, ఒక్క తాలుకాయ లేదు. బస్తా మొత్తంలో తాలే లేదని రాసిస్తారా? ప్రతి పది కాయలకి ఒకటి తాలు ఉన్న టిక్కీలోంచి కూడా, నూరుసార్లు ముప్పయ్యేసి కాయలు తీస్తే ఓ నాలుగుసార్లు ముప్పైకి ముప్పై మంచివే వస్తాయి. అందుకే లెక్కలవాళ్ల దగ్గర ఒక మోటు సూత్రం ఉంది. ఎంతమందిని చూస్తే ఒక్క ప్రమాదం కూడా కనబడలేదో, ఆ సంఖ్యతో మూడుని భాగిస్తారు. అసలు రిస్కు అంతదాకా ఉండొచ్చని అర్థం. ముప్పై మందిలో ఎవరికీ ఏమీ కాలేదంటే నిజమైన రిస్కు సున్నా కావచ్చు, పదిమందిలో ఒకరి దాకా కూడా కావచ్చు. వెయ్యిమందిలో ఒకరికి వచ్చే ప్రమాదమైతే ఈ దశలో కనబడే ఆశే లేదు. దానికి వేలమందిని చూడాలి, ఏళ్లు పట్టాలి.

మరి ఆ ముప్పై మందిలో ఏం చూస్తారు? ఒకసారి శిక్షణకి వెళ్లినప్పుడు మా చేతికి ఒక డైరీ కార్డు ఇచ్చారు. టీకా వేయించుకున్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లి నింపేది. ఏడు రోజులకి ఏడు గడులు. దాంతోపాటు ఒక థర్మామీటరు, చిటికెన వేలంత ప్లాస్టిక్ స్కేలు. రోజూ సాయంత్రం టెంపరేచర్ చూసి రాయాలి. సూది పొడిచినచోట ఎరుపు ఎన్ని మిల్లీమీటర్లు, వాపు ఎన్ని మిల్లీమీటర్లు ఆ స్కేలు పెట్టి కొలవాలి. నొప్పికి గ్రేడులున్నాయి. నొప్పి ఉంది గానీ పని ఆగలేదంటే ఒకటి, పనికి అడ్డమొస్తే రెండు, పని చేయలేకపోతే మూడు, ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే నాలుగు. మొదట ఒకరిద్దరికి తక్కువ డోసు వేసి కొన్నాళ్లు ఆగుతారు. ఏమీ కాకపోతే ఇంకొంతమందికి, ఆ తర్వాత పెద్ద డోసు. ట్రయల్‌తో సంబంధం లేని నిపుణుల కమిటీ ఒకటి మధ్యమధ్యలో లెక్కలు చూస్తూ, తేడా వస్తే ఆపేయమంటుంది. పాజిటివ్ వాళ్లయితే వీటికి తోడు కౌంటు పడుతుందా, మాత్ర వాడుతున్నా వైరల్ లోడ్ ఎగురుతుందా అని పదేపదే రక్తం తీసి చూస్తారు. ఇవన్నీ సాఫీగా జరిగితే "సేఫ్, శరీరం తట్టుకుంది" అని రాస్తారు. మనం వాట్సాప్‌లో చదివే సేఫ్ వెనక ఉన్నది ఆ చిన్న స్కేలు, ఆ రక్తం సీసాలు, ఆ కొద్దిమంది. వాళ్లు రాసింది తప్పు కాదు. చదివే మనమే దాన్ని "పనిచేసింది" అని చదువుతున్నాం.

సేఫ్ అన్నది పనిచేయకపోవచ్చని చెప్పడానికి పెద్ద ఉదాహరణే ఉంది. పోలియో ఇంజెక్షన్ కనిపెట్టిన జోనాస్ సాల్క్ ఉన్నారు కదా, చికిత్స టీకా ఆలోచనని 1987లో గట్టిగా ముందుకు తెచ్చింది ఆయనే. రెమ్యూన్ అనే టీకా అలా పుట్టింది. తొలి పరీక్షల్లో ప్రమాదం కనబడలేదు, రోగనిరోధక శక్తిలో కదలికా వచ్చింది. ఆ ఉత్సాహంతో 2,527 మంది పాజిటివ్ వాళ్లని తీసుకుని సగం మందికి టీకా, సగం మందికి ఉత్త సూది ఇచ్చారు. 1999లో లెక్క చూస్తే రెండు పక్కలా ఒకటే. జబ్బు పడటంలో తేడా లేదు, చావుల్లో తేడా లేదు. ఆపేశారు. సాల్క్ అప్పటికే 1995లో పోయారు, ఆ ఫలితం చూడలేదు. రెమ్యూన్‌ని ఎవరూ విషం అనలేదు. ఒంటికి పడింది, జబ్బుకి పనిచేయలేదు.

ఇంకా మనసు కలుక్కుమనిపించేది మరొకటి. కానరీ పక్షుల మశూచి వైరస్‌ని వాహనంగా వాడి చేసిన ఆల్వాక్ రకం టీకా ఒకటుండేది. మాత్రలు బాగా పనిచేస్తున్న పాజిటివ్ వాళ్లకి వేశారు. సూది వేసినప్పుడు పెద్దగా ఏమీ కాలేదు. తర్వాత డాక్టర్ల పర్యవేక్షణలో మాత్రలు ఆపి చూస్తే, ఉత్త సూది వేయించుకున్నవాళ్ల కన్నా టీకా వేయించుకున్నవాళ్లలోనే వైరస్ ఎక్కువగా లేచింది. వాళ్లే ముందుగా మళ్లీ మందులు మొదలెట్టాల్సి వచ్చింది. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఎందుకలా? ఒక అనుమానం ఇది: టీకా నిద్ర లేపేది సీడీ4 కణాల్ని కూడా. హెచ్ఐవీ తినేదే ఆ కణాల్ని. దొంగ వచ్చాడని కాపలావాళ్లని లేపితే, ఆ దొంగకి కావలసింది కాపలావాళ్లే అయినట్టు. ఈ నష్టం డైరీ కార్డులో ఏ గడిలోనూ పడదు. మాత్ర ఆపినప్పుడే బయటపడింది.

ఇంత చెప్పి ఆశే లేదనను. బార్సిలోనాలో 2017లో ఏలిక్స్-002 అని 45 మందితో ఒక పరీక్ష మొదలైంది, 2022లో ఫలితాలు అచ్చయ్యాయి. టీకాల వల్ల తీవ్రమైన ప్రమాదాలేవీ కనబడలేదు. వేయాల్సిన డోసులన్నీ వేశాక మాత్రలు ఆపి చూశారు. దాదాపు అందరిలోనూ వైరస్ తిరిగొచ్చింది. కాకపోతే, పుట్టుకతోనే హెచ్ఐవీని కొంత తట్టుకునే జన్యువులున్న వాళ్లని పక్కనపెట్టి లెక్కేస్తే, టీకా వేయించుకున్న 20 మందిలో 8 మంది 22 వారాలపాటు మందులు లేకుండా ఉండగలిగారు. ఉత్త సూదివాళ్లలో 12 మందికి ఒక్కరే. మా రంగంలో వాళ్లకి ఇది చిన్న వార్త కాదు. కానీ ఇది మళ్లీ గుప్పెడు కాయల లెక్కే. పైగా ఆ 45 మందీ వైరస్ సోకిన తొలి నెలల్లోనే మందులు మొదలుపెట్టినవాళ్లు. మీరు మొదలుపెట్టేనాటికి కౌంటు 140కి పడిపోయింది. ఒకప్పుడు కౌంటు అంతగా పడినవాళ్లని మాత్ర ఆపి చూసే పరీక్షలకి మామూలుగా తీసుకోరు. వాళ్లకి మళ్లీ పడే రిస్కు ఎక్కువని.

ఇప్పుడు మీకు ఫోన్ చేసిన ఆ పెద్దమనిషి సంగతి. ఒక్క మాటతోనే దొరికిపోయాడు. టీకా పట్టాలంటే ముందు మందులు ఆపాలన్నాడు కదా? నేను చెప్పిన ఎస్ఏవీ001, ఆల్వాక్, ఏలిక్స్ పరీక్షల్లో టీకా వేసింది మాత్ర వాడుతుండగానే. వైరస్ అణిగి ఉన్నప్పుడే రక్షణ కణాలకి నేర్చుకునే తీరిక ఉంటుంది. మాత్ర ఆపడమంటూ ఉంటే అది టీకాలన్నీ పూర్తయ్యాక, తరచూ వైరల్ లోడ్ చూస్తూ, ఒక అంకె దాటగానే మళ్లీ మందులు మొదలుపెట్టే షరతుతో. జంటలో రెండోవాళ్లని ఎలా కాపాడాలన్నది కూడా ముందే మాట్లాడతారు. మీ ఆవిడ ఊసు అతను ఎత్తాడా?

మన దగ్గర చట్టం కూడా మీ పక్కనే ఉంది. మనుషుల మీద జరిగే ఏ మందు పరీక్షనైనా మొదటి మనిషిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, అంటే సీటీఆర్ఐలో నమోదు చేయాలని 2009 జూన్ నుంచి నియమం ఉంది. దానికో నంబరు ఉంటుంది, ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతికి చూడొచ్చు, ఎక్కడ జరుగుతోంది, ఎవరు చేస్తున్నారు అన్నీ ఉంటాయి. విదేశాల్లో కనిపెట్టిన కొత్త మందుకైతే అక్కడి తొలి దశ వివరాలు చూపకుండా ఇక్కడ మనుషుల మీద మొదలుపెట్టడానికి సాధారణంగా అనుమతి రాదు. పరీక్ష వల్ల దెబ్బతింటే ఉచిత వైద్యం, నష్టపరిహారం 2019 నాటి నిబంధనల్లో రాసి ఉన్నాయి. మీలాంటివాళ్లకి పనికొచ్చే చిన్న ముక్క కూడా ఉంది వాటిలో. కొత్త రకం మందుల పరీక్షల్లో కొందరి దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు వీడియో తీయాలి, కానీ హెచ్ఐవీ, కుష్ఠు మందుల పరీక్షల్లో మొహం కనబడకుండా మాట మాత్రమే రికార్డు చేస్తే చాలు. ఎవరో మన గురించి కూడా ఆలోచించారన్నమాట.

సమ్మతి అంటే కాగితం మీద సంతకం కాదు, అది వేరే కథ. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాని పది నుంచి పధ్నాలుగేళ్ల ఆడపిల్లలకి వేశారు. ఆ టీకా మంచిదే, మా పాపకి నేనే వేయించాను. అక్కడ పిల్లల మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు కూడా. కానీ చాలాచోట్ల తల్లిదండ్రులకి తెలియకుండా హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ ఏకిపారేసింది. అందుకే చెప్తున్నాను, మీ బావమరిది కోసమో, ఫోన్ చేసిన ఆయన మొహమాటానికో సంతకం పెట్టొద్దు. ఎయిడ్స్ తగ్గిస్తామని మందు అమ్మడం కూడా మన డ్రగ్స్ రూల్స్ ప్రకారం కుదరదు. తగ్గిస్తామని చెప్పుకోకూడని జబ్బుల జాబితా ఒకటుంది అందులో, షెడ్యూల్ జె అంటారు. మొదటి పేరే ఎయిడ్స్.

ఆధార్, పుస్తకం జిరాక్సు మాత్రం ఎవరికీ పంపకండి. పంపేసి ఉంటే సెంటర్లో చెప్పండి. మీ హెచ్ఐవీ సంగతి మీ అనుమతి లేకుండా బయటపెట్టడానికి 2017 నాటి హెచ్ఐవీ చట్టం ఒప్పుకోదు, ఆ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. మీకు పూర్తిగా చెప్పి ఒప్పించకుండా పరిశోధనకి వాడుకోవడానికీ వీల్లేదని అందులోనే ఉంది. నలభై వేల గురించి: నిజమైన ట్రయల్స్‌లో దారి ఖర్చులు, పోయిన కూలి ఇస్తారు. ముందే పెద్ద మొత్తం చూపించి పిలిచేవాడు మీ అవసరాన్ని కొంటున్నాడు, అంతే.

రేపెప్పుడైనా నిజమైన ట్రయల్ వచ్చి, మీ ఏఆర్‌టీ డాక్టరే చెబితే అప్పుడు వెళ్లాలా? అది మీ ఇష్టం, నేను వద్దనను. కానీ ఒకటి తెలుసుకుని వెళ్లండి. తొలి దశలో చేరేవాళ్లు వైద్యం పొందడానికి వెళ్లరు, ఇవ్వడానికి వెళ్తారు. మీకు పడేది ఉత్త సూది కావచ్చు. మీకు మేలు జరగకపోవచ్చు. మీ రక్తం, మీ సమయం, కొంత రిస్కు ఇచ్చి వస్తారు, మీ తర్వాత వచ్చేవాళ్ల కోసం. అవయవదానం చేసినవాళ్లని చూసినట్టే నేను వాళ్లని చూస్తాను. ఒకసారి ఒక ట్రయల్‌లో టీకా వేయించుకున్నవాళ్లని తర్వాతి వాటిలోకి తీసుకోకపోవచ్చు, అదీ అడగండి.

చివరికి మీరు రాసిన ఆ ఒక్క వాక్యం. ఉత్తరం మొత్తంలో అదే నన్ను పట్టుకుంది. మా సెంటర్ మెట్ల మీద నెలనెలా ఒకటే దృశ్యం. మందు తీసుకుని కిందికి దిగుతూనే డబ్బా మీది కాగితాన్ని గోళ్లతో గీకేసేవాళ్లు. ఒకామె ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగులో దూది తెచ్చుకునేది. ముప్పై మాత్రల డబ్బాలో దూది కుక్కి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేది, గలగలమంటుందా లేదా అని. బస్సులో చప్పుడు వినబడితే పక్కవాళ్లు అడుగుతారని. అందుకే, మాత్రలోని చేదు మందుది కాదని నాకు తెలుసు. టీకా అంటే ఒకసారి సూది వేసుకుని ఇక ఆ డబ్బా మొహం చూడక్కర్లేదన్న ఆశ. రెండు నెలలకోసారి వేసే ఇంజెక్షన్లు 2022 నుంచి అమెరికాలో వాడుతున్నారు, అవి టీకా కావు, మన మాత్రల్లాంటి మందులే. మన సెంటర్లలో ఇచ్చేది ప్రస్తుతానికి మాత్రే.

మీకో చిన్న ఉపాయం చెప్తాను, కొంతమందికి పనిచేసింది. రాత్రి పడుకునేముందు ఒంటరిగా వేసుకుంటున్నారు కదా, ఆ వేళకి ఎవరికైనా దిగులే. డోలుటెగ్రావిర్ మాత్రకి రాత్రే వేసుకోవాలన్న పట్టింపు లేదు. డాక్టర్ని అడిగి పొద్దున్నకి మార్చుకోండి. మీ ఆవిడ టీ ఇచ్చేటప్పుడు ఆమె చేత్తోనే ఇమ్మనండి. ఒకవేళ గ్యాస్ట్రిక్ మాత్రో, ఐరన్ మాత్రో వాడుతుంటే మాత్రం డాక్టర్‌కి చెప్పండి, రెండింటికీ ఎడం ఉండాలి. మాట్లాడాలనిపిస్తే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు.

ఆ ఫోన్ మనిషి మళ్లీ చేస్తాడు. సీటీఆర్ఐ నంబరు చెప్పమనండి, పరీక్షలో చేరినవాళ్లకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ పేరు చెప్పమనండి. ఏమన్నాడో నాకొక ముక్క రాయండి. ఆ రోజు మాత్ర వేసుకున్నాకే రాయండి.